కోడ్ కంప్యూటరే చూపిస్తోంది... కోడర్‌గా నేను కొనసాగాలా, మారాలా?

ప్రశ్న:

హైదరాబాద్‌లో మెడికల్ కోడర్‌గా, అంటే రోగుల రికార్డులు చదివి బీమా బిల్లుల కోసం జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పనిలో ఉన్న ఒక సోదరి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమెకు ముప్ఫై రెండేళ్లు. ఖమ్మం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివారు. అమీర్‌పేటలో శిక్షణ తీసుకుని, కోడర్ల అర్హత పరీక్ష సీపీసీ పాసై, ఎనిమిదేళ్లుగా అమెరికా ఆసుపత్రుల చార్టులు (రోగుల రికార్డులు) కోడ్ చేస్తున్నారు. మొదట రేడియాలజీ, ఇప్పుడు ఎమర్జెన్సీ విభాగం. భర్తది ప్రైవేటు ఉద్యోగం. ఇంటి అప్పు నడుస్తోంది. పాప ఈ ఏడాదే బడిలో చేరింది.

ఏడాదిన్నర కిందట వారి క్లయింటు ఆసుపత్రులు కొత్త ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డుల వ్యవస్థకు మారాయి. "ఇంతకుముందు చార్టు మొత్తం చదివి కోడ్ మేమే వేసేవాళ్లం. ఇప్పుడు చార్టు తెరవగానే పక్కన కోడ్‌లు వరుసగా వచ్చేస్తాయి. ఒప్పుకోవాలి, లేదంటే తీసేయాలి. తీసేస్తే కారణం రాయాలి. ఒప్పుకుంటే ఏమీ రాయనక్కర్లేదు" అని రాశారు. మామూలు ఎక్స్‌రే చార్టులు అసలు మనుషుల దాకా రావడమే లేదట. జట్టులో సగం మందిని వేరే ప్రాజెక్టులకు పంపారు, కొందరు మానేశారు. మిగిలినవారికి టార్గెట్ పెంచారు.

ఈమధ్య ఒక చార్టులో, నాలుగేళ్ల కిందట బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి పూర్తిగా కోలుకున్న రోగికి, ఆ రోజే స్ట్రోక్ వచ్చినట్లు కోడ్ చూపించింది. ఆమె పాత నోట్లన్నీ చదివి, నిర్ధారించుకుని దాన్ని తీసేశారు. అలాంటివి మరికొన్ని తగలడంతో ఆ రోజు టార్గెట్ అందలేదు. "అంతగా ఆలోచించొద్దు, సిస్టమ్ చూపించింది ఒప్పుకుని ముందుకు వెళ్లండి" అని టీమ్ లీడ్ అందరి ముందూ అన్నారట. సంస్థ ఆమెను హెచ్‌సీసీ ప్రాజెక్టుకు, అంటే రోగి జబ్బుల తీవ్రతను బట్టి బీమా సంస్థకు వచ్చే డబ్బును తేల్చే కోడింగ్‌కు, మారతారా అని అడుగుతోంది. భర్త సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమంటున్నారు. అత్తగారు బీఎడ్ చేయమంటున్నారు. ఈలోగా బీఫార్మసీ పూర్తిచేసిన తమ్ముడు, ఉద్యోగం గ్యారంటీ అంటున్న ఒక కోడింగ్ శిక్షణ సంస్థలో నెలాఖరులోగా ఫీజు కట్టడానికి సిద్ధమయ్యాడు. "ఈ రంగం అయిపోయిందా? నేను మారాలా? వాణ్ని రానివ్వాలా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

ముందుగా ఒక మాట. ఆ స్ట్రోక్ కోడ్ తీసేసి మీరు సరైన పని చేశారు. ఇందులో సందేహం అక్కర్లేదు. టార్గెట్ పోయిన బాధలో, అందరి ముందూ మాట పడ్డ బాధలో ఆ సంగతి మీకే కనబడకుండా పోయినట్లుంది. మీ ఉత్తరంలో "నేను నెమ్మదిగా చేస్తానేమో" అన్న వాక్యం రెండుసార్లు వచ్చింది. నెమ్మది కాదు. మీరు చదువుతున్నారు. పక్కవాళ్లు చదవకుండా నొక్కుతుంటే, చదివేవాళ్లు నెమ్మదిగా కనిపిస్తారు.

ఈ రంగం అయిపోయిందా అని అడిగారు. మీ ఉద్యోగం ఏ కారణంగా పెరిగిందో, అదే ఇప్పుడు దాన్ని కుదుపుతోంది. 2009లో అమెరికా ప్రభుత్వం హైటెక్ చట్టం తెచ్చి, కాగితం వదిలి ఎలక్ట్రానిక్ రికార్డులకు మారిన ఆసుపత్రులకూ డాక్టర్లకూ ప్రోత్సాహకాలు ఇచ్చింది. కొన్నేళ్లలోనే అక్కడి ఆసుపత్రులు దాదాపు అన్నీ మారిపోయాయి. 2015 అక్టోబరు 1న అక్కడ కోడ్‌ల కొత్త జాబితా ఐసీడీ-10 అమల్లోకి వచ్చింది. అంతవరకూ సుమారు 14 వేలున్న రోగనిర్ధారణ కోడ్‌లు ఒక్కసారిగా 70 వేల దాకా పెరిగాయి. రికార్డు తెర మీదికి వచ్చింది కాబట్టి దాన్ని మాదాపూర్‌లో కూర్చుని చదవడం వీలైంది. కోడ్‌లు పెరిగాయి కాబట్టి చదివేవాళ్లు ఎక్కువమంది కావలసి వచ్చారు. ఆ గిరాకీలోనే మీరూ ఈ పనిలోకి వచ్చారు. కానీ హైదరాబాద్ నుంచి మీరు చదవగలిగే అక్షరాన్ని యంత్రమూ చదవగలదు. స్కాన్ చేసిన చేతిరాత కాగితం మీద దానికి ఇంత పట్టు దొరికేది కాదు.

రేడియాలజీ ముందుగా ఎందుకు పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు పది వరుసలు. ఏ పరీక్ష చేశారో ఆర్డరులోనే ఉంటుంది. రెండు కోణాల్లో తీస్తే కోడ్ 71046, అంతే. అందులో విచక్షణ తక్కువ. పదిహేను ఇరవయ్యేళ్ల కిందట ఇదే నగరంలో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ చేసినవాళ్లను అడిగి చూడండి. మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ వచ్చాక వాళ్ల పని వినడం, టైపు చేయడం నుంచి దిద్దడానికి మారింది. వరుసకు ఇచ్చే డబ్బు తగ్గింది. వేగమే బలంగా ఉన్నవాళ్లు ఎక్కువగా నష్టపోయారు. వైద్య పరిజ్ఞానం పెంచుకున్నవాళ్లు క్వాలిటీలోకో, మీ కోడింగ్‌లోకో వచ్చి నిలబడ్డారు. కాబట్టి "కోడింగ్ ఉంటుందా" అన్న ప్రశ్న కన్నా "నేను రోజంతా చేసే పనిలో విచక్షణ ఎంత" అన్నది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎమర్జెన్సీ చార్టుల్లో ఆ విచక్షణ చాలా ఉంది. 2023 జనవరి నుంచి ఎమర్జెన్సీ విజిట్ కోడ్‌లైన 99281-99285 స్థాయిలను డాక్టరు తీసుకున్న వైద్య నిర్ణయం ఎంత క్లిష్టమైనదో చూసి మాత్రమే వేస్తున్నారు. టెంప్లేటుతో నింపిన పేజీల బరువుకు ఇప్పుడు విలువ లేదు. ఎన్ని ల్యాబ్ పరీక్షలు రాశారో యంత్రం ఠక్కున లెక్కపెడుతుంది. కానీ డాక్టరు ఆ ఎక్స్‌రేను తాను స్వయంగా చూసి అభిప్రాయం రాశారా, లేక రేడియాలజిస్టు రిపోర్టులోని వాక్యాలే తెచ్చి నోట్‌లో అతికించారా? మొదటిదైతే లెక్కలోకి వస్తుంది, రెండోదైతే రాదు. తెర మీద రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. రోగి దగ్గుతో వచ్చాడని మొదటి వరుసలో ఉంటుంది, కింద టెంప్లేటులో "దగ్గు లేదు" అని ఉంటుంది. పైన కుడి మోకాలు, చివర ఎడమ మోకాలు. పాత విజిట్ నోట్‌ను యథాతథంగా ముందుకు లాక్కొచ్చే సౌకర్యం రికార్డులో ఉన్నంతకాలం ఇలాంటివి వస్తూనే ఉంటాయి. ఏది నమ్మాలో తేల్చేది మీలాంటివాళ్లే.

ఆ స్ట్రోక్ సంగతే చూడండి. రికార్డులోని సమస్యల జాబితాలో "స్ట్రోక్" అని నాలుగేళ్లుగా ఉంది, ఎవరూ తీయలేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని చదివి, ఇప్పుడే వచ్చిన స్ట్రోక్‌కు వేసే ఐ63.9 చూపించింది. కోలుకుని ఏ లోపమూ మిగలని మనిషికి పడవలసింది జెడ్86.73, అంటే గతంలో వచ్చి తగ్గిన స్ట్రోక్. కాలో చెయ్యో బలహీనంగా మిగిలితే ఐ69 వర్గం. పొరపాటు కోడ్ ఒప్పుకుని ఉంటే, ఆ రోగిది ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ బీమా అయిన పక్షంలో, రాని జబ్బుకు ప్రభుత్వ డబ్బు అదనంగా వెళ్లేది. ఆడిట్‌లో దొరికితే తిరిగి కట్టాలి, అక్కడి చట్టం కింద కేసులూ పడతాయి. అన్నిటికన్నా ముందు, ఆ మనిషి రికార్డులో ఒక అబద్ధం స్థిరపడిపోయేది. రేపు వేరే డాక్టరు దాన్ని చూసి వైద్యం చేస్తాడు. ఇది మీరు టార్గెట్‌తో తూచవలసిన విషయం కాదు.

టీమ్ లీడ్‌తో ఎలా నెగ్గుకురావాలన్నది వేరే ప్రశ్న. తీసేయడానికి కారణం అడిగి, ఒప్పుకోవడానికి అడగకపోతే మనుషులు ఒప్పుకోవడానికే మొగ్గుతారు. తప్పు ఆ ఏర్పాటులో ఉంది. దాన్ని మీరొక్కరూ మార్చలేకపోవచ్చు, కానీ బయటపెట్టవచ్చు. ఏ రకం సూచనలు ఎక్కువగా తప్పుతున్నాయో, ఏ మార్గదర్శకం ప్రకారం తీసేశారో నెలపాటు రకాలవారీగా సంఖ్యలు రాసుకోండి. రోగి పేరు, నంబరు, తెర ఫొటో వంటివేవీ వద్దు. రోగుల గోప్యతను కాపాడే అమెరికా చట్టం హిపా నిబంధనల దృష్ట్యా అది మీ ఉద్యోగానికే ముప్పు. ఆఫీసు వ్యవస్థలోనే, సంఖ్యలు మాత్రమే. ఆ పట్టికతో క్వాలిటీ బృందం దగ్గరకు వెళ్లి, పాత స్ట్రోక్ లాంటి పదేపదే వచ్చే తప్పుల మీద రాతపూర్వక నియమం ఇవ్వమని అడగండి. నియమం వస్తే మీరు వాదించనక్కర్లేదు, లీడ్ మాట కూడా పోదు. ఆమె మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉంటుంది కదా.

అలా కాకుండా నేరుగా "ఒప్పుకోమని మెయిల్‌లో రాయండి" అని లీడ్‌నే అడగవచ్చు. చాలాసార్లు ఆ మెయిల్ రాదు, ఒత్తిడీ తగ్గుతుంది. కానీ ఇద్దరి మధ్య పొరపొచ్చాలు వస్తాయి, ఈ ఏడాది రేటింగ్ మీద దాని ప్రభావం పడవచ్చు. కంప్లయన్స్ విభాగానికి వెళ్లే దారి చివరిది. తప్పని తెలిసీ ఒప్పుకోమని పదేపదే ఒత్తిడి చేస్తుంటే మాత్రం వెనకాడకండి.

ఇక మారడం గురించి. హెచ్‌సీసీ ప్రాజెక్టు పేరు వినగానే సరే అనకండి, కాదనీ అనకండి. ఆ పేరుతో రెండు రకాల పనులు నడుస్తున్నాయి. చార్టులు మొదటిసారి చదివి కోడ్‌లు ఏరడం ఒకటి. ఇది ఇప్పటికే చాలావరకు సాఫ్ట్‌వేర్ చేతిలోకి వెళ్తోంది. మీరు రేడియాలజీలో చూసిందే మళ్లీ చూస్తారు. ఏరిన కోడ్‌కు రికార్డులో ఆధారం ఉందా, ఆ జబ్బును డాక్టరు ఆ విజిట్‌లో పరిశీలించారా, చికిత్స ఇచ్చారా అని తేల్చే రెండో స్థాయి పని ఇంకొకటి. దానికి గిరాకీ పెరగడానికి కారణాలున్నాయి. 2024 నుంచి మూడేళ్లలో ఆ డబ్బు లెక్కగట్టే కొత్త వీ28 నమూనాకు పూర్తిగా మారడంతో, డబ్బు తెచ్చే కోడ్‌ల జాబితా కుదించుకుపోయింది. 2025 మేలో అక్కడ మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ అర్హమైన మెడికేర్ అడ్వాంటేజ్ కాంట్రాక్టులన్నిటినీ ఏటా ఆడిట్ చేస్తామని, తమ దగ్గరున్న 40 మంది కోడర్లను సుమారు 2,000 మందికి పెంచుతామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ వాడతామంటూనే మనుషులను ఇన్ని రెట్లు పెంచుతామన్నారు చూశారా? ఆ ఉద్యోగాలు మనవి కావు, నిజమే. కానీ అక్కడ ఆడిట్ బిగిస్తే, బీమా సంస్థలు ముందే తమ చార్టులు సరిచూసుకోవాలి. ఆ పని కొంత ఇక్కడికి వస్తుంది. అయితే ఇదంతా అమెరికా విధానాల మీద, కోర్టు తీర్పుల మీద ఆధారపడిన గిరాకీ అని మాత్రం మరవకండి.

మేనేజరును ఒక ప్రశ్న తప్పక అడగండి: "ఆధారం లేని కోడ్ కనిపిస్తే తీసేసే అధికారం మాకు ఉంటుందా, లేక కొత్త కోడ్‌లు చేర్చడమే పనా?" చేర్చడమే తప్ప తీసేయడం లేని ఏకపక్ష సమీక్షల మీద అమెరికా న్యాయశాఖ కేసులు వేసింది. అలాంటి ప్రాజెక్టులో మీకు ఇప్పుడున్న నలుగుబాటు రెట్టింపవుతుంది. జీతం పెరిగినా నిద్ర పోతుంది.

ఆడిట్ బృందం గురించి క్లుప్తంగా చెబుతాను. మీ స్వభావానికి సరిపోతుంది, కానీ ఖాళీలు తక్కువ. నిన్నటి దాకా పక్కన కూర్చున్నవాళ్ల తప్పులు రాయాలి. కొందరికి అది పడదు. ఆడిటర్లకు ఇచ్చే సీపీఎంఏ సర్టిఫికేషన్ ఉంటే లోపలి అవకాశాల్లో పేరు ముందుకొస్తుంది.

మీ ఉత్తరంలో లేని దారి ఒకటుంది, నాకు అదే మీకు ఎక్కువ తగినదనిపిస్తోంది. ఇన్‌పేషెంట్ కోడింగ్. ఆసుపత్రిలో పది రోజులున్న రోగి రికార్డు వందల పేజీలు. ప్రధాన జబ్బు ఏదన్న ఒక్క నిర్ణయం మీద డీఆర్‌జీ, అంటే చెల్లింపు కోసం కేసును చేర్చే వర్గం, మారిపోతుంది, ఆసుపత్రికి వచ్చే డబ్బు మారిపోతుంది. యంత్రం ఇక్కడా ఉంది, సూచనలు ఇస్తుంది. కానీ ఒకదానితో ఒకటి కొట్టుకునే నోట్ల మధ్య అది ఇంకా తడబడుతోంది. మీ మైక్రోబయాలజీని మీరు "పనికిరాని పీజీ" అని రాశారు, నాకు బాధ కలిగింది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి శరీరమంతా దెబ్బతినే స్థితి) చార్టు ఒకటి ఊహించుకోండి. రక్తం కల్చర్‌లో ఈ.కోలై పెరిగింది. డాక్టరు నోట్‌లో మాత్రం "సెప్సిస్" అని మాత్రమే ఉంది. ల్యాబ్ రిపోర్టు చూసి కోడర్ ఈ.కోలై సెప్సిస్ కోడ్ ఏ41.51 వేయకూడదు, డాక్టరు రాస్తేనే వేయాలి. రాయకపోతే ఏ క్రిమో చెప్పని ఏ41.9 వేసి ఊరుకోవడమా, డాక్టరుకు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపడమా? ఆ బాక్టీరియా నిజంగా రోగానిదా, నమూనా తీసేటప్పుడు చర్మం మీది నుంచి చేరిందా అన్న అనుమానం ఎప్పుడు రావాలో మీకు చదువే నేర్పింది. ఆ అనుమానం వచ్చినవాళ్లే సరైన క్వెరీ రాయగలరు.

దీనికి కష్టమూ ఉంది. ఇన్‌పేషెంట్ ఆపరేషన్లకూ ప్రక్రియలకూ వాడే ఐసీడీ-10-పీసీఎస్ మీరు వాడనిది, మొదటి నుంచి నేర్చుకోవాలి. సీసీఎస్ గానీ సీఐసీ గానీ పరీక్ష రాయాలంటే చాలా నెలలు రోజూ కొంత సమయం పెట్టాలి. చిన్న పాపతో, ఉద్యోగంతో అది తేలిక కాదు. పైగా ఔట్‌పేషెంట్ అనుభవాన్ని ఇన్‌పేషెంట్ బృందాలు పూర్తిగా లెక్కలోకి తీసుకోవు, కొంతకాలం జీతం పెరగకపోవచ్చు. అందుకని రాజీనామా చేసి నేర్చుకోవద్దు. మీ సంస్థలోనే ఇన్‌పేషెంట్ ప్రాజెక్టు ఉందేమో, లోపలి బదిలీకి పరీక్ష ఏమైనా ఉందేమో ముందు కనుక్కోండి. మీ భర్త టెస్టింగ్ కోర్సుకు పెట్టాలనుకుంటున్న డబ్బూ సాయంత్రాలూ దీనికి పెట్టగలరా అని ఆయనతో కూర్చుని మాట్లాడండి. ఆయన మీకు చెడు తలపెట్టలేదు. చుట్టూ సాఫ్ట్‌వేర్ వాళ్లను చూసి భద్రత అనుకుంటున్నారు. కానీ టెస్టింగ్‌లో మీరు కొత్తగా చేరినవారవుతారు, ఎనిమిదేళ్ల అనుభవం పక్కకు పోతుంది. మొదటి మెట్టు టెస్టింగ్ పనిని కూడా యంత్రాలు తీసుకుంటున్నాయి.

ఐటీ వైపే మనసుంటే, ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్‌ను అమర్చే పని మీ అనుభవానికి దగ్గర. అయితే ఎపిక్ లాంటి వ్యవస్థల అసలు సర్టిఫికేషన్‌ను సొంతంగా ఫీజు కట్టి తెచ్చుకోలేరు. ఆ సాఫ్ట్‌వేర్ వాడే సంస్థ మిమ్మల్ని పంపాలి. ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. బీఎడ్ గురించి ఒక్కటే: పిల్లలకు పాఠం చెప్పాలని మీకుంటే చేయండి. కోడింగ్ నుంచి పారిపోవడానికైతే రెండేళ్లు ఖర్చు చేయకండి.

గల్ఫ్ గురించి కూడా అడిగారు. అబుదాబిలో మీకు తెలిసిన ఐసీడీ-10-సీఎం (జబ్బుల కోడ్‌లు), సీపీటీ (చికిత్సల కోడ్‌లు)లే వాడతారు కాబట్టి అనుభవం పనికొస్తుంది. సౌదీ అరేబియాలో ఆస్ట్రేలియా పద్ధతి, మళ్లీ నేర్చుకోవాలి. మన దగ్గర 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలై, ఆభా నంబర్లు వచ్చాయి. కానీ ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ క్లెయిములు ప్యాకేజీల లెక్కన నడుస్తాయి. మీ స్థాయి కోడర్లకు ఇప్పటికిప్పుడు ఇక్కడ పెద్ద మార్కెట్ లేదు.

తమ్ముడి విషయంలో మాత్రం నేను ఆందోళన పడుతున్నాను. కొత్తవాళ్లు చేయి తిప్పుకునేది తేలిక చార్టుల మీదే. ఇప్పుడు యంత్రానికి వెళ్లిపోతున్నవి సరిగ్గా అవే. మీరు చేరిన రోజుల్లో ఉన్నంత సులువుగా ప్రవేశం ఇప్పుడు లేదు. సీపీసీ పాసైనా, అనుభవం వచ్చేదాకా పేరు చివర అప్రెంటిస్ గుర్తు ఉంటుంది. ఉద్యోగ ప్రకటనలు అనుభవమే అడుగుతాయి. అలాగని ద్వారాలు మూసుకోలేదు. కొన్ని సంస్థలు ఫ్రెషర్లను తీసుకుని, జీతం ఇస్తూనే శిక్షణ ఇస్తాయి. వాడు ముందు వాటికి ప్రయత్నించాలి. ఫీజు కట్టే చోట "గ్యారంటీ" అంటే ఏమిటో కాగితం మీద అడగండి: ఏ సంస్థలో, ఎంత జీతానికి, రాకపోతే డబ్బు తిరిగి ఇస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయమనండి.

అసలు వాడికి ఈ పని నచ్చుతుందో లేదో ఎవరూ చూడలేదు. మీ పాత కోడ్ పుస్తకం ఇంట్లో ఉండే ఉంటుంది. ఆదివారం వాణ్ని కూర్చోబెట్టి, శిక్షణ పుస్తకంలోని అభ్యాసాలు (మీ క్లయింటు చార్టులు కాదు) నాలుగు చేయించండి. శరీర నిర్మాణం, మందుల పేర్లు బీఫార్మసీ వాడికి పరిచయమే. కానీ ఒక వాక్యం మీద పావుగంట ఆగి తేల్చుకునే ఓపిక ఉందో లేదో ఆ పూటే తెలిసిపోతుంది. లేకపోతే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల పరిశీలన), క్వాలిటీ కంట్రోల్ వంటివి హైదరాబాద్‌లో వాడి చదువుకు నేరుగా సరిపోయేవి ఉన్నాయి. నెలాఖరు దాటితే సీటు పోతుందని ఆ సంస్థ వాళ్లు ఫోన్ చేస్తూనే ఉంటారు. తొందరపడకండి, వచ్చే నెలా బ్యాచ్ ఉంటుంది.